40 చోట్లకు పోర్ట్‌ఫోలియో పంపాను, ఒక్కరూ పిలవలేదు. లోపం ఎక్కడుంది?

కర్నూలు_కుర్రోడు
మెకానికల్ బీటెక్ అయ్యాక ఇంట్లో గొడవపడి మరీ హైదరాబాద్ వచ్చి ఏడాది గేమ్ డిజైన్ కోర్సు చేశా. జూన్ నుంచి ఇప్పటిదాకా హైదరాబాద్, బెంగళూరు, పుణె కలిపి 40 స్టూడియోలకు అప్లై చేశాను. రెండు ఆటోమేటిక్ మెయిల్స్ తప్ప ఏమీ రాలేదు. వద్దన్నా బాధ లేదు, ఎందుకు వద్దన్నారో తెలియకపోవడమే నన్ను తినేస్తోంది. నేను చేసినవన్నీ చూపించే పోర్ట్‌ఫోలియో సైటు లింకు నా ప్రొఫైల్లో ఉంది. ఆరు ప్రాజెక్టులు పెట్టాను, ఒక గేమ్ ఎలా ఉండాలో రాసిన 64 పేజీల డిజైన్ డాక్యుమెంట్ కూడా ఉంది. నాతో కోర్సు చేసినవాడు మూడే ప్రాజెక్టులు పెట్టాడు, వాడికి ఉద్యోగం వచ్చింది. మొహమాటం లేకుండా చెప్పండి. నాన్న సంక్రాంతి దాకా టైమిచ్చారు, ఆ తర్వాత బ్యాంకు కోచింగ్‌కి పొమ్మంటున్నారు.

టెస్టర్_బాబాయ్
పదకొండేళ్లుగా గేమ్ టెస్టింగ్‌లో ఉన్నా, అలవాటు కొద్దీ బగ్స్ రాసుకుంటూ చూశా. ఫోన్లో తెరవగానే నల్ల తెర, మధ్యలో నీ పేరు గిరగిరా తిరుగుతోంది, మ్యూజిక్ మొదలైంది. దాన్ని ఆపే బటన్ ఎంత వెతికినా దొరకలేదు. ఆ తర్వాత మెనూ వచ్చింది. మొదటి ప్రాజెక్టు నొక్కితే గూగుల్ డ్రైవ్‌కి వెళ్లి, యాక్సెస్ కోసం రిక్వెస్ట్ పెట్టమంటోంది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. తమ్ముడూ, ఆ 40 మందిలో ఒక్కరైనా నీ గేమ్ ఆడి ఉంటారంటావా?

కర్నూలు_కుర్రోడు
నా ఫోన్లో, ల్యాప్‌టాప్‌లో రెండిట్లోనూ బాగానే తెరుచుకుంటోంది కదా అన్నా??

నైట్‌బిల్డ్
నువ్వు నీ అకౌంట్లో లాగిన్ అయి ఉన్నావు కాబట్టి తెరుచుకుంటుంది. ఇన్‌కాగ్నిటోలో, అంటే లాగిన్ లేని బ్రౌజర్ విండోలో చూడు.

కర్నూలు_కుర్రోడు
చూశా. నిజమే. ఐదు నెలలుగా ఇలాగే ఉంది. కాళ్లూ చేతులూ ఆడట్లేదు.

గోదారిగట్టు
ధైర్యంగా ఉండు. ఇది నీ ఒక్కడికే జరిగింది కాదు. మాది చిన్న స్టూడియో, అయినా మాకు వచ్చే వాటిలో ఇలా తాళం వేసిన లింకులు ప్రతిసారీ కొన్ని ఉంటాయి. మేం రిక్వెస్ట్ పెట్టి ఎదురుచూడం, పక్కదానికి వెళ్లిపోతాం. అవతలివాళ్ల మీద కోపమేం కాదు, ఆ రోజు బిల్డ్ (గేమ్ తాజా కాపీ) పోవాలి, చూసేందుకు దొరికేది అరగంట. ఇంకో మాట, ఎవరో ఒకరు రిక్వెస్ట్ పెట్టే ఉంటారు. ఆ డ్రైవ్ ఏ మెయిల్ మీద ఉంది?

కర్నూలు_కుర్రోడు
ఇంటర్లో తెరిచిన పాత మెయిల్ అన్నా, గేమింగ్ కోసం పెట్టుకున్నది. ఇప్పుడే తెరిచి చూశా. మూడు రిక్వెస్టులు ఉన్నాయి. ఒకటి పుణె స్టూడియో నుంచి, ఆగస్టులో. ఇంకేం రాయాలో తెలియట్లేదు.

వరంగల్_వాసు
అయ్యో బ్రో.

గోదారిగట్టు
ఈ రోజే జవాబివ్వు. రెండే లైన్లు చాలు: లింకులో పొరపాటు జరిగింది, సరిచేశాను, ఇదిగో కొత్త లింకు. పెద్ద క్షమాపణలు, ఇంటి కష్టాలు రాయకు. కానీ ముందు సైటు బాగుచేసుకుని అప్పుడు పంపు, ఉన్నది ఉన్నట్టు పంపితే రెండో అవకాశం కూడా పోతుంది.

లెవెల్_లక్ష్మి
నేను ఒక స్టూడియోలో డిజైన్ లీడ్‌ని. జూనియర్ పోస్టులకి వచ్చే పోర్ట్‌ఫోలియోలు మొదట చూసేది నేనే. వీడియోలు యూట్యూబ్‌లో పెట్టావు కాబట్టి కనీసం అవి కనబడ్డాయి, అన్నీ చూశా.

మొట్టమొదట నన్ను ఆపింది నీ పేరు కింద ఉన్న లైను. గేమ్ డిజైనర్, యూనిటీ (గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) డెవలపర్, త్రీడీ ఆర్టిస్ట్, వీడియో ఎడిటర్ అని నాలుగు రాశావు. మేం వెతికేది డిజైనర్ కోసం. నాలుగూ కలిపి రాసినవాళ్లని చూస్తే, ఏం కావాలో ఇంకా తేల్చుకోలేదేమో అనిపిస్తుంది, నిజం అది కాకపోయినా సరే. పైగా డిజైనర్ అన్నా ఒకటే పని కాదు. లెవెల్స్ కట్టేవాళ్లు వేరు. నాణేలు ఎన్ని ఇవ్వాలి, కత్తి ధర ఎంత, దెబ్బ ఎంత తగలాలి అని షీట్లలో లెక్కలు చూసే సిస్టమ్స్ వాళ్లు వేరు. కథ, మాటలు రాసేవాళ్లు వేరు. నీకు ఏది బాగా చేతనవునో మొదటి తెర మీదే తెలిసిపోవాలి.

తర్వాత ప్రాజెక్టులు. ఆరింటిలో మూడు నాకు ముందే తెలుసు. ఆగకుండా పరిగెత్తే ఎండ్‌లెస్ రన్నర్, పైపుల మధ్య ఎగిరే పిట్ట, జాంబీ షూటర్. నేర్చుకునేటప్పుడు అందరం చేసేవే. కానీ నేను చూడాలనుకునేది నువ్వు తీసుకున్న నిర్ణయాలు. ట్యుటోరియల్ చూసి చేసిన గేమ్‌లో నిర్ణయాలన్నీ ఆ వీడియో చేసినాయన తీసుకున్నవే.

ఇక నాకు నిజంగా బాధ కలిగించిన సంగతి. అట్టడుగున, ఆరో స్థానంలో "కరెంటు" అని ఒకటి ఉంది. రెండు స్క్రీన్‌షాట్లు, ఒక్క లైను, 40 సెకన్ల వీడియో. అది చూసి కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నా. దాన్ని ఎందుకు దాచిపెట్టావు?

కర్నూలు_కుర్రోడు
అక్కా, అది జనవరిలో గ్లోబల్ గేమ్ జామ్‌లో, అంటే గడువు పెట్టుకుని అందరూ గేమ్‌లు కట్టే కార్యక్రమంలో చేసింది. 48 గంటలే టైం. గ్రాఫిక్స్ అస్సలు బాగోవు, అన్నీ డబ్బాలే, అందుకే కింద పెట్టా. ఇంట్లో కరెంటు పోతుంది, పాత ఇన్వర్టర్ మూడు స్విచ్‌ల లోడే మోస్తుంది. ఫ్యాన్లు, ఫ్రిజ్, చదువుకునే లైటు, వైఫై, మోటారు, ఇలా ఏడు ఉంటాయి. అమ్మ, తాతయ్య, పరీక్షకు చదివే చెల్లి ఒక్కొక్కరూ ఒక్కోటి అడుగుతుంటారు. ఏది ఆపాలో ఏది వేయాలో మనం చూసుకోవాలి. నలుగురం కలిసి చేశాం, రూల్స్, లెవెల్స్ నావి.

వరంగల్_వాసు
మస్తు ఉంది బ్రో ఇది. ఎండాకాలం మా ఇంట్లో రోజూ ఇదే ఆట.

టెస్టర్_బాబాయ్
తాతయ్య ఫ్యాను ఆపితే ఏమవుతుంది?

కర్నూలు_కుర్రోడు
వరండాలోకి వెళ్లి మంచం వాల్చుకుంటాడు అన్నా. అప్పుడు వరండా లైటు అడుగుతాడు, కానీ ఫ్యాను కన్నా లైటుకి లోడు తక్కువ. మొదటి వెర్షన్‌లో కోపం మీటరు పెరిగేది అంతే. అలా అయితే ఆడేవాళ్లు ఎవరికి కోపం తక్కువో లెక్కేసుకుని వాళ్లనే ఎప్పుడూ ఏడిపించేవాళ్లు. అందుకే మనుషులు గదులు మారేలా చేశా.

లెవెల్_లక్ష్మి
చూశావా, ఇప్పుడు రాసిన ఈ నాలుగు లైన్లు నీ సైటులో ఎక్కడా లేవు. 64 పేజీల డాక్యుమెంట్‌లోనూ లేవు. నేను జూనియర్ డిజైనర్‌లో వెతికేది ఇదే. ముందు ఇలా చేశా, ఆడేవాళ్లు ఇలా ప్రవర్తించారు, అందుకని ఇలా మార్చా.

కోడ్_కిరణ్
నేను పూర్తిగా ఒప్పుకోను. చెప్పడానికి బాగానే ఉంటుంది కానీ మొదటి వడపోత చేసేది లీడ్ కాదు, హెచ్‌ఆర్. వాళ్లకి డబ్బాలు చూపిస్తే డబ్బాలే కనబడతాయి. కళ్లకి ఇంపుగా లేకపోతే లక్ష్మి గారి దాకా ఫైలే రాదు. రెడీమేడ్ బొమ్మలుండే ఒక ఫ్రీ అసెట్ ప్యాక్ తెచ్చి పైపైన అయినా అందంగా చేయి.

హెచ్ఆర్_హారిక
హెచ్‌ఆర్ మీద ఈ నింద ఎప్పుడూ ఉండేదే 🙂 నేను చూసే వరుస చెప్తా. లింకు తెరుచుకుందా, ఏ పోస్టుకి వచ్చారో అదే పని కనబడుతోందా, తిరిగి మెయిల్ చేయడానికి అడ్రస్ దొరికిందా. ఈ మూడూ ఉంటే డిజైన్ టీమ్‌కి పంపేస్తాను. గ్రాఫిక్స్ మీద తీర్పు నేను చెప్పను, అది నా పని కాదు. ఆర్టిస్ట్ పోస్టయితే వేరు.

మాంట్రియల్_మాధవి
ఇక్కడ ఎనిమిదేళ్లుగా లెవెల్ డిజైన్ చేస్తున్నా. కిరణ్ గారూ, లెవెల్ డిజైనర్ పోర్ట్‌ఫోలియోలో డబ్బాలు కనబడకపోతేనే నాకు అనుమానం వస్తుంది. ఆ బూడిదరంగు డబ్బాల దశనే మేం బ్లాక్‌అవుట్ అంటాం, మా రోజు పని సగం అదే. ఒక జూనియర్ పోర్ట్‌ఫోలియో నాకు ఇప్పటికీ గుర్తుంది. అమ్మాయి తన లెవెల్‌ని పైనుంచి చూసినట్టు ఒక మ్యాపు వేసింది. దాని మీద తన స్నేహితులు ఐదుగురు ఏ దారిన నడిచారో ఐదు రంగుల గీతలు గీసింది. ముగ్గురి గీతలు ఒక గోడ దగ్గర ఉండ చుట్టుకుపోయి ఉన్నాయి, దారి తెలియక అక్కడక్కడే తిరిగారన్నమాట. పక్కనే రెండో మ్యాపు. ఆ గోడకి కిటికీ పెట్టింది, అందులోంచి వెళ్లాల్సిన గోపురం కనబడుతుంది. ఈసారి ఐదు గీతలూ తిన్నగా వెళ్లాయి. కింద రాసింది రెండు వాక్యాలు. ఇంగ్లిష్ ఏమంత గొప్పగా లేదు, అయినా ఆ రెండు బొమ్మలు చాలు, ఇంటర్వ్యూకి పిలిచాం.

కోడ్_కిరణ్
సరే, ఇది ఒప్పుకుంటా. మరి నాలుగు పేర్లు రాయకూడదన్న మాట? చిన్న స్టూడియోల్లో అన్ని పనులూ చేసేవాడే కావాలంటారు కదా.

గోదారిగట్టు
అక్కడ నేనూ లక్ష్మి గారితో విభేదిస్తా. మేం ఆరుగురమే. డిజైన్ చేసి దాన్ని యూనిటీలో తానే కట్టి చూపించగలిగినవాడైతే మాకు బంగారం. కాబట్టి ఆ సంగతి చెప్పాలి, కాకపోతే బిరుదుల్లా పేరు కింద వరసగా పెట్టొద్దు. "గేమ్ డిజైనర్, నా ప్రోటోటైప్‌లు యూనిటీలో నేనే చేసుకుంటాను" అని ఒకే వాక్యంగా రాస్తే పెద్ద స్టూడియోకీ పనికొస్తుంది, మాకూ పనికొస్తుంది.

లెవెల్_లక్ష్మి
ఇది నాకూ నచ్చింది.

నైట్‌బిల్డ్
ఎవరూ అనలేదు కాబట్టి నేను అంటా. ఆ స్కిల్ బార్లు తీసెయ్. యూనిటీ 90 శాతం, ఫొటోషాప్ 75 శాతం అని ఉంది. మిగతా పది శాతం యూనిటీలో ఏం రాదో చెప్పగలవా? పన్నెండేళ్లు యూనిటీలో కోడ్ రాసినవాళ్లు కూడా 90 అనరు. ఇంటర్వ్యూలో ఆ అంకె మీదే పడతారు.

హెచ్ఆర్_హారిక
రెజ్యూమె పీడీఎఫ్‌లో తండ్రి పేరు, పుట్టిన తేదీ, వైవాహిక స్థితి, చివర్లో పైవన్నీ నిజమని ప్రకటన, సంతకం. ఇవేవీ వద్దు. ఈ అలవాటు మన కాలేజీల ప్లేస్‌మెంట్ ఫార్మాట్ల నుంచి వస్తుంది. మెయిల్ అడ్రస్ కూడా మార్చు, పబ్జీ ఆడేటప్పటి పేరుతో ఉంది.

వరంగల్_వాసు
ఫొటో? ఆర్‌జీబీ లైట్ల కుర్చీలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉన్నాడు. అది గేమర్ ఫొటో, మనోడు గేమ్ చేసేవాడు కదా.

మాంట్రియల్_మాధవి
ఫొటో అసలు లేకున్నా పర్వాలేదు. ఇక్కడ కెనడాలో రెజ్యూమెలో ఫొటో పెట్టొద్దనే చెప్తారు, మనిషి రూపాన్ని బట్టి వివక్ష రాకూడదని. సొంత సైటులో అయితే నీ ఇష్టం, పెడితే మామూలు వెలుతురులో తీసింది పెట్టు.

మూడుపులులు
ఒక ప్రాజెక్టుని ఎలా చూపించాలో నా సొంత అనుభవం చెప్తా, కొంచెం పొడుగు.

మా అమ్మమ్మది తెనాలి దగ్గర పల్లెటూరు. వరండా గచ్చు మీద సుద్దతో పులిజూదం గీసి ఆడించేది. త్రిభుజం, దాన్ని కోస్తూ అడ్డ గీతలు, 23 కూడళ్లు, మూడు పులులు, పదిహేను మేకలు. మేకలకి చింతగింజలు, పులులకి గులకరాళ్లు. ఆ ఆటని గోడో అనే గేమ్ ఇంజిన్‌లో చేసి పోర్ట్‌ఫోలియోలో పెట్టా. రూల్స్ నావి కావు, ఎప్పటినుంచో ఉన్నవి, ఆ మాట మొదటి లైన్లోనే రాశా. నా పని ఏంటంటే, ఎప్పుడూ ఆడనివాళ్లు ఫోన్లో మొదటిసారి ఆడితే వదిలేయకుండా చూడటం.

మొదట చేసిన వెర్షన్‌లో కొత్తవాళ్లందరూ మేకల వైపు ఓడిపోయారు. పదిహేను మేకలూ పెట్టేదాకా ఏ మేకనీ కదపకూడదు కదా, పులి ఎక్కడినుంచి దూకుతుందో వాళ్లకి కనబడేది కాదు. గచ్చు మీద ఆడేటప్పుడు అమ్మమ్మ "అక్కడ పెట్టకే, తినేస్తుంది" అనేది. ఫోన్లో ఆ మాట అనేవాళ్లు లేరు. అందుకని ప్రమాదం ఉన్న కూడలి లేత ఎరుపులో కనబడేలా చేశా. అప్పుడు ఇంకో తంటా వచ్చింది. పులుల వైపు ఆడేవాళ్లకి ఒక్క మేకా దొరక్క విసుగొచ్చింది. చివరికి ఆ ఎరుపు మొదటి ఐదు మేకలకే ఉంచి తర్వాత తీసేశా. అమ్మమ్మ కూడా అంతే, రెండో ఆట నుంచి చెప్పేది కాదు.

పేజీలో పెట్టినవి ఏంటంటే, పైన బ్రౌజర్‌లోనే ఆడుకునే గేమ్, దాని కింద సుద్ద గీతల ఫొటో, మూడు వెర్షన్ల స్క్రీన్‌షాట్లు పక్కపక్కన, ఇప్పుడు మీకు చెప్పిన ఈ కథ. ఇంటర్వ్యూలో వేరే ప్రాజెక్టు గురించి అసలు అడగనేలేదు. సుద్ద ఫొటో మీదే ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నాం.

లెవెల్_లక్ష్మి
"ఆ మాట అనేవాళ్లు లేరు" అన్నది చదివి ఒక్క క్షణం ఆగిపోయా. సమస్యని ఇంత సూటిగా పట్టుకుంటే పరిష్కారం అదే వస్తుంది.

కర్నూలు_కుర్రోడు
అన్నా అమ్మమ్మకి ఫోన్ వెర్షన్ చూపించావా?

మూడుపులులు
చూపించా. పులులు తీసుకుని నన్ను రెండుసార్లు ఓడించింది. కళ్లకి కనబడట్లేదు గింజలు పెద్దవి చేయమంది, చేశా, అది కూడా పేజీలో రాశా.

కోడ్_కిరణ్
64 పేజీల డాక్యుమెంట్ సంగతి ఎవరూ తేల్చలేదు. అంత కష్టపడి రాశాడు, తీసేయమంటారా?

లెవెల్_లక్ష్మి
తీసేయమనే అంటా. అది ఓపెన్ వరల్డ్ ఆర్‌పీజీ, అంటే పెద్ద లోకంలో ఇష్టమొచ్చినట్టు తిరుగుతూ ఒక పాత్రగా ఆడేది, 12 రాజ్యాలు, 200 ఆయుధాలు. అందులో ఏదీ ఆడి చూసింది కాదు. కాగితం మీద ప్రతి ఆటా బాగానే ఉంటుంది. మా స్టూడియోలోనే అంత పొడుగు డాక్యుమెంట్ చదివేవాళ్లు లేరు, ఒక ఫీచర్‌కి ఒకటి రెండు పేజీలు రాసుకుంటాం, బొమ్మలతో.

గోదారిగట్టు
మొత్తం పారేయక్కర్లేదు. "కరెంటు" గురించి ఒకే పేజీలో డిజైన్ డాక్యుమెంట్ రాయి. మధ్యలో ఇంటి ప్లాను, చుట్టూ స్విచ్‌లు, ఏ స్విచ్‌కి ఎంత లోడు, ఎవరు ఎప్పుడు ఏం అడుగుతారు. డాక్యుమెంట్ రాయడం వచ్చని చూపించడానికి అది చాలు.

బ్యాచ్_మేట్_కాదు
"నలుగురం కలిసి చేశాం" అన్నావు కదా, ఆ ముక్క సైటులో పెద్ద అక్షరాల్లో ఉండాలి. నాకు తగిలిన దెబ్బ చెప్తా. మేం కోర్సు చివర్లో ఐదుగురం ఒక గేమ్ చేశాం. ఎవరికి వాళ్లం అదే వీడియో, అవే స్క్రీన్‌షాట్లు పెట్టుకుని "నా గేమ్" అని రాసుకున్నాం. ఒకే స్టూడియోకి ముగ్గురం అప్లై చేశాం. ఇంటర్వ్యూలో ఆయన మూడు ట్యాబ్‌లు పక్కపక్కన తెరిచి చూపించి, ఇందులో బాస్ ఫైట్ ఎవరు చేశారమ్మా అని అడిగాడు. అది చేసింది నేనే. కానీ ఆ గదిలో నేను ఏం చెప్పినా నిలబడలేదు. మా ముగ్గురిలో ఎవరినీ తీసుకోలేదు.

మాంట్రియల్_మాధవి
ఇది చాలా ముఖ్యం. ఇక్కడ క్రెడిట్ల విషయంలో బాగా పట్టింపు ఉంటుంది. మోబీగేమ్స్ సైటు 1999 నుంచి ఏ గేమ్‌కి ఎవరు ఏం చేశారో పోగుచేస్తూనే ఉంది, మేం చూస్తాం కూడా. జామ్ గేములైతే ఆ జామ్ పేజీలోనే టీమ్ పేర్లు ఉంటాయి. మిగతా ముగ్గురి పేర్లు, వాళ్ల లింకులు, ఎవరు ఏ పని చేశారో రాయి. తెచ్చిన సౌండ్స్, అసెట్ ప్యాకులు ఎక్కడివో కూడా రాయి. పక్కవాళ్ల పని గురించి నిజం చెప్పేవాడు తన పని గురించీ నిజమే చెప్తాడని నమ్మకం కలుగుతుంది.

వరంగల్_వాసు
ఏఐతో బొమ్మలు చేయించినా రాయాలా?

మాంట్రియల్_మాధవి
రాయాలి. డిజైనర్‌కి బొమ్మలు రాకపోతే తప్పేం లేదు, దాస్తేనే తప్పు. నన్నడిగితే వాటికన్నా డబ్బాలే నయం.

మాజీ_రమ్మీ
నాది వేరే రకం సమస్య, కానీ ఇక్కడ చదివేవాళ్లలో నాలాంటివాళ్లు ఉంటారని రాస్తున్నా. నాలుగేళ్లు డబ్బుతో ఆడే కార్డ్ గేమ్ కంపెనీలో డిజైనర్‌గా చేశా. హైదరాబాద్‌లో కూర్చుని చేసేవాళ్లం కానీ మా ఆట డబ్బు పెట్టి మేమే ఆడే వీల్లేదు, తెలంగాణలో 2017లోనే, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో నిషేధించారు. ఇక 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చి దేశమంతా డబ్బు ఆటలు ఆపేశాక మా టీమ్ మొత్తం రోడ్డున పడింది. యాప్ లేదు, లింకు లేదు, చేసినవన్నీ బయటపెట్టకూడదన్న ఒప్పందం (ఎన్‌డీఏ) కింద ఉన్నాయి. నాలుగేళ్ల పనికి చూపించడానికి ఒక్క స్క్రీన్‌షాట్ లేదు.

నేను చేసింది ఇదీ. కంపెనీ లోపలి అంకెలు, తెరలు ఒక్కటీ పెట్టలేదు. ఏ పని చేసేవాణ్నో మామూలు మాటల్లో రాశా: కార్డులు పట్టడం రానివాళ్లకి మొదటి పది నిమిషాల్లో ఆట నేర్పే భాగం నాది. ఆ నైపుణ్యం చూపించడానికి పేకముక్కలతో డబ్బు లేని చిన్న ఆట సొంతంగా మూడు వారాల్లో కట్టి, నేర్పే పద్ధతి దాంట్లో చూపించా.

కోడ్_కిరణ్
ఆ కంపెనీ పేరే తీసేయొచ్చు కదా? కొన్ని స్టూడియోల వాళ్లు అది చూసి మొహం చిట్లిస్తారు.

మాజీ_రమ్మీ
తీసేస్తే నాలుగేళ్ల ఖాళీ కనబడుతుంది, దానికి అబద్ధం వెతుక్కోవాలి. ఒకచోట అడిగారు, జనం డబ్బు పోగొట్టుకునే ఆటలో పనిచేయడం మీకెలా అనిపించిందని. ఆటలో నెమ్మదిగా ఆగే దారులు పెట్టాలని అడిగేవాణ్ని, కొన్ని ఒప్పుకున్నారు, కొన్ని ఒప్పుకోలేదు, అది నన్ను బాధపెట్టేది అని ఉన్నదే చెప్పా. ఇప్పుడు ఆ ప్రశ్న అడిగినవాళ్ల దగ్గరే పనిచేస్తున్నా, పిల్లల లెక్కల ఆటలు చేస్తాం.

గోదారిగట్టు
మీ జవాబు నిజాయితీగా ఉంది. ఎన్‌డీఏ కింద ఉన్నవాటిని పాస్‌వర్డ్ పెట్టి చూపిస్తామని కొందరు అంటారు, అది మరీ ప్రమాదం. ఒక కంపెనీ రహస్యం మాకు చూపించినవాడు రేపు మాది ఇంకొకరికి చూపిస్తాడనే అనుకుంటాం.

కర్నూలు_కుర్రోడు
అందరికీ దండాలు. రెండు డౌట్లు. సైటు ఎక్కడ పెట్టాలి? ఇప్పుడున్నది ఫ్రీ ప్లాన్, పైన యాడ్ పట్టీ వస్తోంది. ప్లే స్టోర్‌లో పెడితే ఇంకా ప్రొఫెషనల్‌గా ఉంటుందా? రెండోది, నా గురించి రాసుకున్న పేరా ఎలా ఉంది?

నైట్‌బిల్డ్
ప్లే స్టోర్ ఇప్పుడొద్దు. అకౌంట్‌కి 25 డాలర్లు, పైగా కొత్త వ్యక్తిగత అకౌంట్లకి 12 మంది టెస్టర్లతో 14 రోజులు టెస్ట్ చేయించాకే బయటికి వదులుతారు. నీకు సంక్రాంతి గడువుంది. గేమ్‌లు పెట్టుకునే సైటు ఇచ్.ఐఓలో పెట్టు, డబ్బు కట్టక్కర్లేదు, వెబ్ బిల్డ్ ఎక్కిస్తే బ్రౌజర్‌లోనే ఆడతారు. నీ పోర్ట్‌ఫోలియో పేజీ గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టుకో, అదీ ఉచితమే, యాడ్స్ ఉండవు. ఎవరైనా గోడోలో చేస్తుంటే 4.3 లేదా ఆ తర్వాతి వెర్షన్ వాడి థ్రెడ్స్ ఆప్షన్ ఆపి ఎక్స్‌పోర్ట్ చేయండి, అంతకుముందు గోడో 4 వెబ్ బిల్డ్‌లు చాలాచోట్ల తెరుచుకోక ఏడిపించేవి. ఆర్ట్‌స్టేషన్ మంచిదే కానీ అది బొమ్మలు వేసేవాళ్ల బజారు, అక్కడ నీ డబ్బాలు ఓడిపోతాయి.

టెస్టర్_బాబాయ్
డౌన్‌లోడ్ చేసి అన్‌జిప్ చేసి ఆడమంటే ఎవరూ ఆడరు. ఆఫీసు కంప్యూటర్లలో తెలియని ఎగ్జిక్యూటబుల్ ఫైలు తెరవనివ్వరు కూడా.

మాంట్రియల్_మాధవి
నీ పేరా చదివా. "ప్యాషనేట్ గేమర్ సిన్స్ చైల్డ్‌హుడ్, హార్డ్ వర్కింగ్, క్విక్ లెర్నర్", చివర్లో దేశంలోనే మొదటి ట్రిపుల్ ఏ (భారీ బడ్జెట్) గేమ్ చేయాలని కల. కల ఉండటం మంచిదే, నీ దగ్గరే ఉంచుకో. చదివేవాళ్లకి కావాల్సింది నువ్వు ఎవరు, ఏం చేస్తావు, ఎక్కడున్నావు, ఎలా అందుతావు. నువ్వు మెకానికల్ చదివావు, లోడు లెక్కలు తెలుసు, "కరెంటు"లో కనబడేది అదే. ఇలా రాయొచ్చు: "సిస్టమ్స్ డిజైనర్‌ని. మామూలు ఇళ్లలో జరిగే చిన్న చిన్న తగువుల్ని ఆటలుగా మారుస్తాను. మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను, ప్రోటోటైప్‌లు యూనిటీలో నేనే చేస్తాను. హైదరాబాద్‌లో ఉంటాను." దీన్ని నీకు వచ్చిన ఇంగ్లిష్‌లో, పొట్టి వాక్యాల్లో రాసుకో. ఏఐకి ఇచ్చి పాలిష్ చేయించకు, ఆ రంగు పూసిన ఇంగ్లిష్ చదివి ఇంటర్వ్యూలో నీ మాట వింటే ఇద్దరు వేరు వేరు మనుషుల్లా ఉంటారు.

వరంగల్_వాసు
గేమ్ పేరు తెలుగులో ఉంటే ఇబ్బందా?

లెవెల్_లక్ష్మి
ఏ ఇబ్బందీ లేదు. పక్కన ఒక లైనులో అదేంటో చెప్తే చాలు. పేరు మార్చితే నేనే ఒప్పుకోను.

కర్నూలు_కుర్రోడు
పన్నెండు రోజులు పట్టింది, ఇప్పుడే పెట్టా. రెండే ప్రాజెక్టులు ఉంచాను. పైన "కరెంటు", దాని కింద ఎండ్‌లెస్ రన్నర్, కానీ ఈసారి అందులో నేను సొంతంగా మార్చిన అడ్డంకుల వరుస గురించే రాశా. టీమ్‌లో మిగతా ముగ్గురినీ అడిగి వాళ్ల పేర్లు, లింకులు పెట్టా, వాళ్లు కూడా వాళ్ల పేజీల్లో నాది పెట్టారు. నల్ల తెర లేదు, మ్యూజిక్ లేదు. కొత్త మెయిల్. చెల్లెలి ఫోన్లో, పక్కింటి వాళ్ల ల్యాప్‌టాప్‌లో తెరిచి చూశా. "కరెంటు" ఎనిమిది మంది చేత ఆడించి, ఎవరు ఏ స్విచ్ ముందు ఆపారో రాసుకుని పేజీలో పెట్టా. ఎనిమిది మందిలో ఆరుగురు మొదట వైఫై కాదు, ఫ్రిజ్ ఆపారు! అది నేను అనుకోలేదు, ఎందుకో అడిగితే కాసేపు ఆపితే పాలేం విరగవు అన్నారు. అందుకే ఇప్పుడు ఫ్రిజ్‌కి నెమ్మదిగా పెరిగే టైమర్ పెట్టా. పుణె వాళ్లకి రాశా, ఆ పోస్టు నిండిపోయిందట, కొత్త లింకు దగ్గర పెట్టుకుంటాం అన్నారు. నాన్న కూడా ఆడాడు, తాతయ్య ఫ్యాను ఒక్కసారి కూడా ఆపలేదు. అందరూ ఒకసారి చూసి చెప్పండి.

లెవెల్_లక్ష్మి
ఫ్రిజ్ సంగతి చదివా. మా టీమ్ గ్రూపులో లింకు పెట్టా, ఇద్దరు ఆడుతున్నారు. ఉద్యోగం ఉందని చెప్పట్లేదు, ఇప్పుడు ఖాళీ లేదు. వచ్చినప్పుడు నీకు నేనే రాస్తా.

టెస్టర్_బాబాయ్
"కరెంటు"లో బగ్ లేదు, శుభ్రంగా ఉంది. రన్నర్‌లో ఒకటి దొరికింది. ల్యాప్‌టాప్‌లో స్పేస్ నొక్కితే మనిషి దూకడం లేదు, పేజీ కిందికి జారుతోంది. గేమ్ మీద ఒకసారి క్లిక్ చేశాక బాగానే ఉంది.

నైట్‌బిల్డ్
కీబోర్డ్ ఫోకస్ పేజీ దగ్గరే ఉండిపోతోంది, అంటే నొక్కిన కీ గేమ్‌కి కాకుండా పేజీకి వెళ్తోంది. ఇచ్ సెట్టింగ్స్‌లో గేమ్ దానంతటది మొదలవకుండా, క్లిక్ చేస్తేనే మొదలయ్యేలా పెట్టు. ఆ క్లిక్‌తో ఫోకస్ గేమ్‌కి వచ్చేస్తుంది.

కర్నూలు_కుర్రోడు
మార్చా అన్నా. ఇన్‌కాగ్నిటోలో కూడా చూశా. ఇప్పుడు చూడు.

టెస్టర్_బాబాయ్
దూకుతున్నాడు.